చేతులు ఖాళీ లేనివారికి తాళం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వాద్య సాధకం చేసే పిల్లలకు చెవితో పనిలేకుండా, ఒంటికి తెలిసే చిన్న అదురు ద్వారా కాలప్రమాణాన్ని అందించే పరికరాల గురించి గత సంచికలో నాలుగు మాటలు రాశాము. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మృదంగం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చాయి. డప్పు, డ్రమ్స్ నేర్పేవారు కూడా రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి మృదంగం నేర్చుకుంటున్నాడు. పాఠం దగ్గర గురువుగారు తాళం వేస్తారు కాబట్టి కుదురుగానే వాయిస్తాడు. ఇంట్లో మాత్రం మూడో కాలానికి (నాలుగింతల వేగానికి) వచ్చేసరికి పరుగు పెడుతున్నాడు. సెల్‌ఫోనులో మెట్రోనోమ్ పెడితే మృదంగం మోతలో ఆ టిక్కుమనే శబ్దం వినిపించడం లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సౌండు పెంచుకుంటున్నాడు, చెవులు పాడవుతాయేమోనని నాకు భయంగా ఉంది. ఒంటికి కట్టుకునే పరికరం నిజంగా పనిచేస్తుందా? ఎక్కడ కట్టాలి?
– మృదంగ విద్యార్థి తల్లి, రాజమహేంద్రవరం

సమాధానం: పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ కట్టాలో కూడా తేలిపోతుంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

పాడేవారు ఆదితాళం వేసేటప్పుడు లఘువు అనే మొదటి భాగానికి ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత ద్రుతాలనే రెండు భాగాలకూ ఒక్కొక్క దెబ్బ, ఒక్కొక్క విసురు వేస్తారు. అరచేయి తొడను తాకిన ప్రతిసారీ తాళం వారి ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. అంటే మన పద్ధతిలో తాళమన్నది మొదటి నుంచీ చెవికి ఎంతో, చర్మానికీ అంతే. మృదంగం వాయించేవారికి మాత్రం ఆ వసతి లేదు, ఎందుకంటే వారి రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి. అందుకే గురువులు జతులను (తకధిమి వంటి పలుకులను) ముందు చేత్తో తాళం వేయిస్తూ నోటితో చెప్పించి, అవి స్థిరపడ్డాకే వాద్యం మీదికి తెస్తారు. మీ అబ్బాయికి నోట్లో ఉన్న స్థిరత్వం ఇంకా చేతుల్లోకి దిగలేదు. అది దిగేదాకా తాళం వేసే చేయి మరొకటి ఉండాలి, పాఠం దగ్గర అది గురువుగారిది, ఇంట్లో లేదు. పరికరం చేయవలసిన పని అంతవరకే.

ఇక ఫోనులోని టిక్కు ఎందుకు వినిపించదంటే, మోత ఒక్కటే కారణం కాదు. కుడి మూత మీద పడే దెబ్బ కూడా ఆ టిక్కులాగే పొట్టిగా, పదునుగా ఉంటుంది. పిల్లవాడు సరిగ్గా కాలానికి వాయించిన క్షణంలో రెండూ ఒకేసారి వచ్చి, పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. తప్పినప్పుడు మాత్రమే టిక్కు విడిగా వినిపిస్తుంది. అంటే సరిగ్గా వాయిస్తున్నంతసేపూ తనకు ఆధారం దొరకదు, దొరికిన మరుక్షణం కంగారుపడి సర్దుకోబోయి మళ్లీ పరుగు పెడతాడు. సౌండు పెంచుకోవాలనిపించడం ఇందువల్లే. నడుము మీద వచ్చే అదురుకు ఈ ఇబ్బంది లేదు. చేతుల కింద ఎంత మోత ఉన్నా అది వేరే చోట, వేరే దారిలో తెలుస్తుంది.

మీ భయం కూడా న్యాయమైనదే. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ 85 డెసిబెల్ల శబ్దానికి రోజుకు 8 గంటలు హద్దుగా పెట్టి, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ సమయాన్ని సగం చేయమంటుంది. ఆ లెక్కన 94 డెసిబెల్లు ఒక్క గంటకు మించకూడదు. మృదంగం మోతను దాటి వినిపించేంతగా ఇయర్‌ఫోన్లలో టిక్కు పెట్టుకుని రోజూ సాధకం చేయడం ఈ హద్దుకు దగ్గరగా నడవడమే. ఈ అలవాటు ఇప్పుడే మాన్పించండి.

ఎక్కడ కట్టాలన్న దానికి చాలామందికి తోచే సమాధానం మణికట్టు. అది మంచి చోటు కాదు. కదులుతున్న అవయవం మీద స్పర్శ మందగిస్తుంది. మన ఒళ్లే తన కదలిక వల్ల పుట్టే స్పర్శలను తగ్గించి చూపిస్తుంది. పైగా ప్రతి దెబ్బకూ వేళ్ల నుంచి వచ్చే అదురు మణికట్టులోనే కలుస్తుంది. మృదంగానికి కాళ్లూ పనికిరావు, ఎందుకంటే వాద్యం కుడి పాదం మీద, చీలమండ మీద ఆనుకుని ఉంటుంది; తొప్పి (ఎడమ మూత) మీద దెబ్బ పడినప్పుడల్లా కాలంతా ఆ గుంకారం పాకుతుంది. సాధకంలో కదలనిది, వాద్యం తగలనిది నడుము వెనుక భాగం. వెన్నెముకకు కొద్దిగా కుడి పక్కన, ఎముక మీద కాకుండా కండ మీద ఆనేలా, పలచని నూలు చొక్కా మీదుగా ఒక సాగే పట్టీతో కట్టండి. ఎముక మీద పెడితే అదురు చుట్టూ పాకిపోయి ఎక్కడ వచ్చిందో స్పష్టంగా తెలియదు.

మొదట్లో వేగం నిమిషానికి 60 అదురుల దగ్గర పెట్టి, 'త ధి తొం నం' పాఠాన్నే మూడు కాలాల్లోనూ ఆ ఒక్క నడక మీద వాయించనివ్వండి. మూడో కాలంలో పరుగు పెట్టే పిల్లలు చాలామందిలో అసలు లోపం రెండో కాలం నుంచి మూడో కాలానికి మారే చోట ఉంటుంది. అదురు ఆగకుండా వస్తూంటే ఆ మలుపు వాళ్లకే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ ప్రాజెక్టుగా ఈ పరికరాన్ని ఆర్డ్యునో బోర్డుతో, నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారుతో తయారు చేశాను. వేగం 70 పెడితే 66 వస్తోంది, 120 పెడితే 109 వస్తోంది. అదీగాక ఒక్కో అక్షరానికి (తాళంలోని ఒక్కో లెక్కకు) నాలుగేసి అదురులు ఇవ్వబోతే వేగంలో అన్నీ కలిసిపోయి ఒకే గరగరలా ఉంటోంది. మోటారు నాసిరకందా?
– ఎలక్ట్రానిక్స్ విద్యార్థి, కాకినాడ

సమాధానం: మోటారులో లోపం లేదు. మొదటి తప్పు ప్రోగ్రాములో ఉంది, రెండోది మోటారు స్వభావం.

నిమిషానికి 70 అంటే ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి 857 మిల్లీసెకన్లు. మీకు వస్తున్న 66 అంటే సుమారు 907. అలాగే 120 అంటే 500, మీకు వస్తున్న 109 అంటే 550. రెండు చోట్లా తేడా 50 మిల్లీసెకన్లే. మీరు మోటారును 50 మిల్లీసెకన్లు తిప్పి, ఆపి, ఆ తర్వాత పూర్తి విరామాన్ని మొదటి నుంచి లెక్కబెట్టమని రాసి ఉంటారు. మోటారు తిరిగే సమయం కూడా విరామంలో భాగమే. డిలే ఆదేశాన్ని తీసేసి, మైక్రోస్ గడియారాన్ని ఎప్పటికప్పుడు చూస్తూ, రాబోయే అక్షరం సమయాన్ని గత అక్షరం రావలసిన సమయానికి విరామం కలిపి లెక్కకట్టండి. 'ఇప్పటి నుంచి 857' అని లెక్కబెడితే ప్రోగ్రాము నడవడానికి పట్టే చిన్న చిన్న ఆలస్యాలన్నీ పేరుకుంటాయి. 'గత అక్షరం నుంచి 857' అంటే పేరుకోవు. ఈ బోర్డుల్లో చాలావాటిపై ఉండి గడియారాన్ని నడిపే సిరామిక్ రెజొనేటరు వల్ల అర శాతం దాకా తేడా రావచ్చు కానీ, ఆ తేడా నిలకడగా ఒకే వైపు ఉంటుంది కాబట్టి ఒంటరిగా సాధకం చేసేవారికి దానితో పని లేదు.

గరగర సంగతికి వస్తే, ఆ మోటారు లోపల ఒక పక్కకు బరువున్న చిన్న ముక్క తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరిగితే సెకనుకు 200 కంపనాలు. మన చర్మం లోతుల్లో ఉండే పాసీనియన్ గ్రాహకాలు సెకనుకు 200 నుంచి 300 కంపనాల మధ్య అన్నిటికంటే చురుకుగా ఉంటాయి కాబట్టి ఆ వేగం మనకు అనుకూలమే. చిక్కంతా ఆ వేగం అందుకోవడంలో ఉంది. బరువు కదిలి పూర్తి వేగానికి రావడానికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది, ఆగడానికీ కొంత సమయం కావాలి. 120 వేగంలో అక్షరానికి నాలుగు అంటే ఒక్కో మాత్రకు 125 మిల్లీసెకన్లే దొరుకుతాయి. ఒక అదురు ఆగకముందే మరొకటి మొదలవుతుంది.

అసలు మాత్ర మాత్రకూ అదురు ఇవ్వడమే అనవసరమని నా అభిప్రాయం. అక్షరాన్ని పరికరం చూసుకోవాలి, దాని లోపలి నాలుగు మాత్రలనూ సమంగా పంచుకోవడం విద్యార్థి పని. అదే అతను నేర్చుకోవలసింది. అక్షరం వరకే ఇచ్చినా అదురు మొదలు మాత్రం పదునుగా ఉండాలి. అందుకు మోటారుకు మొదటి 20, 30 మిల్లీసెకన్లు మామూలు కంటే కొంచెం ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, వెంటనే తగ్గించి, చివర్లో క్షణంపాటు ఎదురు దిశలో కరెంటు పంపి ఆపే పద్ధతి ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డీఆర్‌వీ2605ఎల్ అనే చిన్న చిప్పు ఈ పనంతా తానే చేస్తుంది. దానితోపాటు నాణెం మోటారుకు బదులుగా ఎల్‌ఆర్‌ఏ (లీనియర్ రెజొనెంట్ యాక్చుయేటర్) వాడగలిగితే ఇంకా మంచిది. అందులో తిరిగే బరువు ఉండదు, స్ప్రింగు మీద అయస్కాంతం ముందుకూ వెనక్కూ ఊగుతుంది, త్వరగా మొదలై త్వరగా ఆగుతుంది. అయితే అది తన సొంత పౌనఃపున్యం దగ్గరే బాగా కదులుతుంది కాబట్టి దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే లాభం లేదు, ఆ చిప్పు ఉండాల్సిందే. కొందరు కరెంటు ఇస్తే కడ్డీని ముందుకు నెట్టే సోలినాయిడ్‌తో వేలితో పొడిచినట్టుండే పరికరాలు చేస్తారు. స్పష్టతలో దాన్ని మించినది లేదు కానీ, టకటకమని శబ్దం చేస్తుంది, కరెంటు బాగా తాగుతుంది, నడుముకు కట్టుకుంటే బరువు.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి: మోటారును బోర్డు పిన్నుకు నేరుగా కలిపారా? ఆ పిన్ను 40 మిల్లీఆంపియర్లకు మించి ఓర్వలేదు, ఈ మోటారు 80 దాకా లాగుతుంది. మధ్యలో 2ఎన్2222 వంటి ట్రాన్సిస్టరు, మోటారుకు అడ్డంగా ఒక డయోడు తప్పనిసరి. మోటారును బోర్డూ బ్యాటరీ ఉన్న పెట్టెలోనే బిగించకండి. పెట్టె బరువు అదురును చంపేస్తుంది. సన్నని తీగతో బయటికి తెచ్చి, గట్టి పలుచటి ప్లాస్టిక్ బిళ్లకు అతికించి, ఆ బిళ్ల ఒంటికి ఆనేలా పట్టీలో కుట్టండి. కింద స్పాంజి వేస్తే మెత్తగా ఉంటుందనుకుంటారు, ఆ మెత్తదనం అదురునంతా పీల్చేసుకుంటుంది.

ప్రశ్న: సమానికి (ఆవర్తనంలో, అంటే తాళం ఒక చుట్టులో, మొదటి అక్షరానికి) గట్టి అదురు, మిగతా అక్షరాలకు చిన్న అదురు పెట్టుకోవడం మంచిదా? చాపు తాళాలకు ఎలా? విలంబ (నెమ్మది) కాలంలో అదురుకూ అదురుకూ మధ్య ఎడం మరీ ఎక్కువై దారి తప్పుతున్నాను.
– మృదంగ విద్యార్థిని, తిరుపతి

సమాధానం: గట్టిది, చిన్నది అన్న తేడా చెవికి బాగుంటుంది కానీ ఒంటికి అంత మంచిది కాదు. నాణెం మోటారుకు తక్కువ వోల్టేజీ ఇచ్చి చిన్న అదురు తెప్పిస్తే అది నెమ్మదిగా వేగం అందుకుంటుంది, కాబట్టి చిన్న అదురులన్నీ గట్టి అదురు కంటే కాస్త ఆలస్యంగా తెలుస్తాయి. తాళం కుంటుతుంది. దీనికంటే తేడాను చోటులో చూపించడం మేలు. రెండు మోటార్లు తీసుకుని నడుము వెనుక కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి పెట్టండి. వీపు మీద స్పర్శ వేళ్ల మీద ఉన్నంత సూక్ష్మంగా ఉండదు. నాలుగు సెంటీమీటర్ల లోపు ఉన్న రెండు బిందువులు ఒకటిగానే తెలుస్తాయి. కాబట్టి రెండింటి మధ్య కనీసం జానెడు ఎడం ఉండాలి.

ఇప్పుడు దెబ్బకు కుడి మోటారు, విసురుకు ఎడమ మోటారు కేటాయించి, వేళ్ల లెక్కకు ఏమీ ఇవ్వకుండా వదిలేయండి. ఆదితాళంలో ఒకటో అక్షరానికి కుడి. రెండు, మూడు, నాలుగు నిశ్శబ్దం. అయిదుకు కుడి, ఆరుకు ఎడమ, ఏడుకు కుడి, ఎనిమిదికి ఎడమ. లఘువులో మూడు అక్షరాలు మిమ్మల్ని మీరే మోసుకోవాలి, ద్రుతాల్లో ఆధారం దగ్గర దగ్గరగా వస్తుంది. తాళం నిర్మాణంలోనే సాధకానికి కావలసిన ఎగుడుదిగుళ్లు ఉన్నాయి, వాటిని పరికరం చెరపకూడదు. ఎనిమిది అక్షరాలకూ ఒకే రకం అదురు ఇస్తే మిగిలేది నడక ఒక్కటే. మీరు ఆవర్తనంలో ఎక్కడున్నారో అది చెప్పదు, మోరా (మూడుసార్లు వచ్చే ముగింపు జతి) సమానికి వచ్చి కూర్చుందో లేదో అసలే చెప్పదు.

మిశ్రచాపుకు ఏడు మాత్రలను మూడు, రెండు, రెండుగా విడదీసి 1, 4, 6 దగ్గర అదురు పెట్టండి, సమం కుడి పక్కన, మిగతా రెండూ ఎడమ పక్కన. ఖండచాపుకు 1, 3 సరిపోతాయి.

విలంబ కాలంలో దారి తప్పడం మీ ఒక్కరి లోపం కాదు. రెండు సంకేతాల మధ్య ఎడం దాదాపు రెండు సెకన్లకు చేరిందంటే, తర్వాతిది ఎప్పుడు వస్తుందో ముందుగా పసిగట్టే శక్తి మనిషికి బాగా తగ్గిపోతుంది. మేల్జెల్ 1815లో పేటెంటు తీసుకున్న లోలకపు మెట్రోనోమ్ తరహా యంత్రాల మీద అంకెలు సాధారణంగా 40 నుంచి 208 వరకు ఉంటాయి. 40 అంటే సెకనున్నర. అంతకంటే తక్కువ వేగంలో సాధకం చేయవలసివస్తే అక్షరానికి సరిగ్గా నడిమధ్యన ఎడమ మోటారులో ఒక అదురు చేర్చుకోండి. అప్పుడు విసురులనూ కుడి పక్కకే మార్చుకోవాలి, లేకపోతే రెండూ కలగలిసిపోతాయి.

ప్రశ్న: చర్చి ఆరాధనలో డ్రమ్స్ వాయిస్తాను. చేతికి కట్టుకునే వైబ్రేషన్ మెట్రోనోమ్ కొనవచ్చా? ఫోను నుంచి బ్లూటూత్ ద్వారా అందరం ఒకే క్లిక్ వినవచ్చా?
– డ్రమ్మర్, ఒంగోలు

సమాధానం: మార్కెట్లో సౌండ్‌బ్రెన్నర్ పల్స్ వంటివి చేతి గడియారంలా ఉంటాయి, పీటర్సన్ వారి బాడీబీట్ దుస్తులకు తగిలించుకునే రకం. కొనేటట్లయితే చేతికి కట్టకుండా ఛాతీకో వీపుకో పెట్టుకోవడానికి వీలున్న పట్టీతో తీసుకోండి. కర్రలు పట్టిన మణికట్టు గురించి పైన చెప్పినదంతా మీకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. రెండు పాదాలూ పెడళ్ల మీద ఉంటాయి కాబట్టి చీలమండ కూడా వద్దు. కూర్చునే స్టూలుకు బిగిస్తే బేస్ డ్రమ్ అదురు కూడా అందులోనే కలుస్తుంది.

మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం సాధారణం, పైగా ఒక్కో కంపెనీ ఇయర్‌ఫోనుకు ఒక్కో రకంగా ఆలస్యమవుతుంది. ఒక్కరే సాధకం చేస్తున్నప్పుడు ఆలస్యం ఎంతైనా అది నిలకడగా ఉంటే ఇబ్బంది లేదు. నలుగురు కలిసి వాయించేటప్పుడు మాత్రం పనికిరాదు, తీగ ద్వారానే ఇవ్వండి.

ప్రశ్న: పాఠశాల పిల్లలకు డప్పు నేర్పుతున్నాను. ఊరేగింపులో వరుస పొడవుగా ఉన్నప్పుడు ముందున్నవారి దరువుకూ వెనకున్నవారి దరువుకూ తేడా వస్తోంది. పిల్లలందరికీ ఇలాంటి పరికరాలు కట్టి రేడియో ద్వారా ఒకేసారి అదురు పంపిస్తే సరిపోతుందా?
– డప్పు శిక్షకుడు, సిద్దిపేట

సమాధానం: మీరు గమనించిన తేడాలో కొంత భాగం పిల్లలది కాదు, గాలిది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 15 మీటర్ల వరుసలో ముందువారి దెబ్బ వెనకవారికి చేరడానికి 44 మిల్లీసెకన్లు పడుతుంది. వెనకవాడు తాను విన్నదానికి సరిగ్గా కలిపి వాయిస్తే, అతని దెబ్బ తిరిగి ముందుకు చేరేసరికి మరో 44 కలుస్తాయి. ముందువాడు అది విని నెమ్మదిస్తే దరువంతా జారిపోతుంది.

అందరికీ ఒకేసారి అదురు పంపడం సాంకేతికంగా సాధ్యమే. చిన్న రేడియో మాడ్యూళ్లతో పంపితే ఆలస్యం కొద్ది మిల్లీసెకన్లకు మించదు. కానీ అప్పుడు పిల్లలకు ఒంటికి ఒక కాలం, చెవికి మరో కాలం తెలుస్తాయి. పెద్దవారు ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోగలరు, నేర్చుకుంటున్న పిల్లలు తికమక పడతారు. నేనైతే నాయకత్వం వహించే ఒక్కరికే పరికరం కట్టి, అతణ్ణి వరుస చివర కాకుండా మధ్యలో నిలబెడతాను. దూరం సగమవుతుంది, తేడా కూడా సగమవుతుంది.

డప్పు ఎడమ భుజం నుంచి వేలాడుతూ ఛాతీకి ఆనుకుని ఉంటుంది, సిర్ర (వాయించే కర్ర) పడిన ప్రతిసారీ ఆ పక్కంతా అదురుతుంది. అందుచేత పట్టీ కుడి పక్కన, నడుము వెనుక ఉండాలి, అడుగులు వేసేటప్పుడు జారకుండా బిగుతుగా ఉండాలి. ఇంకొక మాట. డప్పులో తాళం వేసే అవయవం ఉండనే ఉంది, అది పాదం. మృదంగం వాయించేవారికి లేని ఆ వసతిని మీరు పూర్తిగా వాడుకోవాలి. ముందు డప్పు లేకుండా, పరికరం కట్టుకుని, నోటితో దరువు చెబుతూ అడుగు మాత్రమే వేయించండి. అడుగు నిలబడ్డ పిల్లలకు ఆ తర్వాత పరికరం అవసరం చాలా తక్కువ.

ప్రశ్న: వినికిడి లోపం ఉన్న పిల్లల బడిలో పనిచేస్తున్నాను. ఒక పాపకు వాద్యం మీద చాలా ఇష్టం. ఈ పరికరం ఆ పాపకు ఉపయోగపడుతుందా, లేక ఆశపెట్టి నిరాశపరచడమే అవుతుందా?
– ఉపాధ్యాయిని, విశాఖపట్నం

సమాధానం: ఉపయోగపడుతుంది, నిస్సంకోచంగా మొదలుపెట్టండి. స్కాట్లండుకు చెందిన ఎవెలిన్ గ్లెన్నీకి 12 ఏళ్లు వచ్చేసరికి వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. ఆమె ఆ తర్వాతే తాళవాద్యాల్లో ప్రపంచమంతా ఎరిగిన కళాకారిణి అయ్యారు. చిన్నప్పుడు ఆమె గురువు టింపనీ (పెద్ద గిన్నె ఆకారపు డ్రమ్ములు) వాయిస్తూంటే తరగతి గోడకు రెండు చేతులూ ఆనించి, ఏ స్వరం ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించడం సాధన చేశారు. మంద్ర స్వరాలు కాళ్లలో, పాదాల్లో, తారస్వరాలు ముఖం మీద, మెడ దగ్గర, ఛాతీలో తెలిసేవట. కచేరీల్లో ఆమె చెప్పులు లేకుండా వాయిస్తారు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ పాపకు తాళంతోపాటు తన దెబ్బ కూడా ఒంటి ద్వారానే తెలియాలి, కాబట్టి ఆ రెండూ కలిసిపోకుండా చూడాలి. బోలుగా ఉండే చెక్క వేదిక మీద చెప్పులు లేకుండా కూర్చోబెట్టి, వాద్యాన్ని కూడా దాని మీదే ఉంచండి; తన దెబ్బ కింది నుంచి తెలుస్తుంది. కాలం చెప్పే అదురు మాత్రం పైన, రెండు భుజపు ఎముకల మధ్య ఉన్న మెత్తని చోట పెట్టండి. మొదటి పాఠాల్లో మీరే వెనుక కూర్చుని వీపు మీద అరచేత్తో తాళం వేయండి. పరికరం కంటే చేయి ముందు పరిచయం కావడం మంచిది. చేతిలో దెబ్బకూ విసురుకూ ఉండే తేడా యంత్రంలో దొరకదు. ఆ తేడా పాపకు పట్టుబడ్డాక అదే చోట మోటారు పెడితే అర్థం వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: రోజుకో గంట సాధకానికి ఎంత బ్యాటరీ కావాలి?
– పాఠకుడు, గుంటూరు

సమాధానం: నిమిషానికి 80 చొప్పున 50 మిల్లీసెకన్ల అదురులు ఇస్తే మోటారు తిరిగేది నిమిషంలో నాలుగు సెకన్లే. 80 మిల్లీఆంపియర్ల మోటారుకు సగటున 5 లేదా 6 మిల్లీఆంపియర్లు పడతాయి. బోర్డుకు మరో 20 వేసుకున్నా 500 ఎంఏహెచ్ బ్యాటరీ దాదాపు 20 గంటలు వస్తుంది. లిథియం సెల్లు వాడితే రక్షణ సర్క్యూటు ఉన్న ఛార్జింగ్ మాడ్యూలుతోనే వాడండి, ఒంటికి కట్టుకుని ఛార్జింగ్ పెట్టకండి, చెమట తగలకుండా పెట్టెను మూసి ఉంచండి.

ప్రశ్న: నేను ఎన్నో ఏళ్లుగా మృదంగం నేర్పుతున్నాను. లయ లోపలి నుంచి రావాలి. యంత్రం తట్టి లేపితే వాయించే పిల్లవాడికి అది తీసేసిన రోజున ఏం మిగులుతుంది?
– మృదంగ గురువు, విజయవాడ

సమాధానం: గురువుగారూ, మీ అభ్యంతరంలో ఉన్న భయం నిజమైనది. పరికరాన్ని తప్పుగా తయారు చేస్తే, తప్పుగా వాడితే మీరన్నట్టే జరుగుతుంది. అదురు తెలిశాక చేయి కదిలించే పిల్లవాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు. ఒంటికి తగిలినదానికి చేయి బదులివ్వడానికి సుమారు 150 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 80 అక్షరాల నడకలో 'తకధిమి' అన్న నాలుగు మాత్రల్లో ఒక్కోదానికి దొరికేది 187 మిల్లీసెకన్లు. అంటే అదురు కోసం ఎదురుచూసేవాడు దాదాపు ఒక మాత్ర వెనకబడతాడు. అతను అదురును ఆజ్ఞగా కాక సాక్ష్యంగా తీసుకోవాలి: దెబ్బ తానే వేయాలి, అదే క్షణంలో అదురు వచ్చి ఔనని చెప్పాలి.

దీనికోసమే ఇటువంటి పరికరంలో వేగం మార్చే మీట ఎంత ముఖ్యమో, మౌనాన్ని పెంచే మీట అంత ముఖ్యమని నేను వాదిస్తాను. మొదట ప్రతి ఆవర్తనానికీ అదురు. అది కుదిరాక రెండు ఆవర్తనాలు అదురు, ఒక ఆవర్తనం మౌనం. ఆ తర్వాత ఒకటి అదురు, రెండు మౌనం. 80 నడకలో ఆదితాళం ఆవర్తనం 6 సెకన్లు. రెండు ఆవర్తనాల మౌనం 12 సెకన్లు. ఆ 12 సెకన్లలో పిల్లవాడు నూటికి రెండు వంతులు పరుగెత్తితే, అదురు తిరిగి వచ్చేటప్పటికి 240 మిల్లీసెకన్లు ముందుంటాడు, అంటే ఒక మాత్రకు పైగా. ఎవరూ చెప్పనక్కర్లేకుండా అతనికే తెలిసిపోతుంది. నూటికి ఒక వంతు తేడా అయినా శ్రద్ధగలవాడికి దాగదు. ఇలా మౌనంలో మోసుకున్న కాలప్రమాణం పిల్లవాడి సొంతమే, యంత్రం దాన్ని కొలిచి చూపిస్తుంది, అంతే.

మీ తరగతికి దాన్ని కట్టుకుని రావద్దని చెప్పండి. పాడేవారితో కలిసి కూర్చున్నప్పుడు కూడా తీసేయాలి. అక్కడ కాలప్రమాణం గాయకులది, వారి ఊపిరిని బట్టి పాట ఒదిగే చోట్లు యంత్రానికి తెలియవు. ఇంట్లో ఒంటరిగా చేసే సాధకంలో, మీ చేయి అందని ఆ గంటలో మాత్రం వాడనివ్వండి. మౌనం తర్వాత అదురు తిరిగి వచ్చినప్పుడు తాను ముందున్నాడా వెనకున్నాడా, అప్పుడు ఏ జతి వాయిస్తున్నాడు అన్నది ఒక పుస్తకంలో రాసుకురమ్మనండి. తకిట దగ్గర ఎప్పుడూ ముందుకు, తకతకిట దగ్గర ఎప్పుడూ వెనక్కు అని ఆ పుస్తకంలో కనిపిస్తే, తర్వాతి పాఠంలో అతణ్ణి ఎక్కడ ఆపి చెప్పాలో మీకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.